ఇంటి పన్నుతోని బడి నడుస్తదా?

మీ ఇంటి పన్ను రసీదు ఎప్పుడన్న నిమ్మలంగ సదివిన్రా? మీ నాయిన పంచాయతీ కార్యదర్శి చేతిల పైసలు పెట్టి, రసీదు తెచ్చి కరెంటు బిల్లుల కట్టల చెక్కి పెడ్తడు. గంతే. ఈసారి బయటికి తీసి సూడున్రి. ఊరికో తీరుగ వరుసలుంటయ్. ఇంటి పన్ను, నల్లా పన్ను, లైట్ల పన్ను, డ్రైనేజీ. గండ్లనే గ్రంథాలయ పన్ను అని ఒక సన్న వరుస ఉంటది. బడి అనే మాట మాత్రం యాడ కనవడదు.

ఎందుకు జెప్తున్ననంటె, ఈ నడుమ మా దిక్కు పోరగాండ్లు నన్ను ఒకటే ముచ్చట అడుగుతున్నరు. "అన్నా, అమెరికాల ఇంటి పన్నుతోనే సర్కారు బడులు నడుస్తయట. ఆడి బడులు సూడు ఎట్లున్నయో. మన ఊరి పన్ను మన బడికే పెట్టుకుంటె మనకేం తక్కువ?" అని. డల్లాస్‌ల ఉన్న మేనమామనో, న్యూజెర్సీల ఉన్న చిన్నమ్మనో ఫోన్ల జెప్పిన ముచ్చట అది. సవాలు మంచిదే. వినబుద్ధయ్యే మాటనే. "మా పైసలు మా పిల్లలకు" అంటె ఎవ్వలు కాదంటరు? గని జర లోపటికి పోయి సూస్తె ఆ మాటల ఒక మతలబున్నది.

మొదలు ఆడ ఎట్ల నడుస్తదో సూద్దాం. అమెరికాల బడి ఖర్చు మూడు జేబులకెళ్లి వస్తది. ఢిల్లీ అసొంటి కేంద్ర సర్కారు ఇచ్చేది తక్కువ, అటిటుగ పదో వంతు. మిగిలిన దాంట్ల సగం దాక రాష్ట్రం ఇస్తది, ఇంకో సగం దాక లోకల్ల వసూలైతది. ఆ లోకల్ పైసలల్ల పెద్ద భాగం ఇండ్ల మీద, దుకాండ్ల మీద, ఫ్యాక్టరీల మీద ఏసే ఆస్తి పన్ను. ఇది దేశం సగటు లెక్క, రాష్ట్రానికో తీరుగ మారుతది.

ఆడ స్కూల్ డిస్ట్రిక్ట్ అనేది ఒకటుంటది. మన జిల్లా అసొంటిది కాదు. బడుల కోసమే గీసిన హద్దు అది. శానా దిక్కుల ఆ హద్దుకు జనం ఓట్లేసి ఎన్నుకున్న బోర్డు ఉంటది, దానికి సొంత బడ్జెట్ ఉంటది. హద్దుల ఉన్న ఆస్తులకు ఇలువ గట్టి, నూరు డాలర్లకు ఇంత అని పన్ను ఏస్తరు. టెక్సాస్‌ల ఫ్రిస్కో, ప్లేనో దిక్కు ఇల్లు కొనే మనోళ్లు వంటింటి కంటె ముందు స్కూల్ డిస్ట్రిక్ట్ ఏదని అడిగేది గందుకే. మంచి డిస్ట్రిక్ట్ అంటె ఇంటి ధర ఎక్కువ. ఇంటి ధర ఎక్కువంటె పన్ను ఎక్కువ వస్తది. పన్ను ఎక్కువంటె బడి ఇంకింత మంచిగైతది. ఉన్నోనికి మీదికి ఎక్కే నిచ్చెన ఇది. మరి లేనోని ఇంటికాడ?

దానికి టెక్సాస్‌లనే శాన్ ఆంటోనియో అనే పట్నం ముచ్చట జెప్త. ఇది కోర్టుకెక్కిన ముచ్చట, అంకెలన్ని తీర్పులనే ఉన్నయ్. ఆ పట్నంల ఎడ్జ్‌వుడ్ అనే స్కూల్ డిస్ట్రిక్ట్ ఉన్నది. మెక్సికో మూలాలున్న కూలి జనం ఎక్కువ ఉండే జాగ. అదే పట్నంల అలమో హైట్స్ అని ఉన్నోళ్ల డిస్ట్రిక్ట్ ఇంకోటి. 1967-68ల ఎడ్జ్‌వుడ్ జనం తమ ఆస్తి మీద నూరు డాలర్లకు 1.05 డాలర్ల పన్ను కట్టిన్రు. పట్నం మొత్తంల గదే ఎక్కువ రేటు. అలమో హైట్సోళ్లు కట్టింది నూటికి 85 సెంట్లే.

ఇప్పుడు వచ్చిన పైసలు సూడున్రి. రాష్ట్ర పథకానికి కట్టాల్సిన వాటా పోంగ ఎడ్జ్‌వుడ్‌ల ఒక్కో పిల్లకు మిగిలింది 26 డాలర్లు. అలమో హైట్స్‌ల 333 డాలర్లు. ఎక్కువ రేటు కట్టినోనికి 26, తక్కువ రేటు కట్టినోనికి 333! ఎందుకంటె ఎడ్జ్‌వుడ్‌ల ఒక్కో పిల్ల వెనక ఉన్న ఆస్తి ఇలువ 5,960 డాలర్లు, అలమో హైట్స్‌ల 49,000 పైన. రేటు ఎంత పెంచినా గుడిసె మీద బంగ్లా పన్ను రాదు గద.

రాష్ట్రం పైసలన్న ఈ ఎచ్చుతగ్గులు సదురు చేసినయా అంటె అదీ లేదు. రాష్ట్ర పథకం కింద ఎడ్జ్‌వుడ్ పిల్లకు 222 డాలర్లు వస్తె, అలమో హైట్స్ పిల్లకు 225 వచ్చినయ్. నేను ఈ అంకె కాడ శానా సేపు ఆగిన. లేనోని కంటె ఉన్నోనికి మూడు డాలర్లు ఎక్కువ. కేంద్రం పైసలు గూడ కలిపినంక మొత్తం లెక్క ఎడ్జ్‌వుడ్‌ల 356, అలమో హైట్స్‌ల 594.

1968 మే నెలల ఎడ్జ్‌వుడ్ హైస్కూల్ పిల్లలు క్లాసులు ఇడిచిపెట్టి బయటికొచ్చి ఊరేగింపు తీసిన్రు. మీ ఈడు పిల్లలే. ఆ వెనక తల్లిదండ్రులు కోర్టుకు పోయిన్రు. ముందల నిలవడ్డాయన పేరు డెమెట్రియో రోడ్రిగెజ్, రేకుల పని చేసే కార్మికుడు. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాక పోయింది. 1973 మార్చి 21న తీర్పు వచ్చింది. తొమ్మిది మంది జడ్జీలల్ల అయిదుగురు ఒక దిక్కు, నలుగురు ఒక దిక్కు. ఒక్క ఓటుతోని రోడ్రిగెజ్ ఓడిపోయిండు. తీర్పు రాసిన పావెల్ అనే జడ్జి జెప్పిన దాంట్ల అసలు మాట ఏందంటె, చదువు మా రాజ్యాంగంల ప్రాథమిక హక్కు కాదు అని. తుర్‌గుడ్ మార్షల్ అనే జడ్జి గట్టిగ ఎదురు రాసిండు. ఆయన ఆ కోర్టుల మొట్టమొదటి నల్లజాతి జడ్జి. గని మెజారిటీ మెజారిటీనే.

ఎడ్జ్‌వుడ్ జనం ఇడిచిపెట్టలే. ఢిల్లీ దర్వాజ బందైతె హైదరాబాద్ దర్వాజ కొట్టినట్టు, టెక్సాస్ రాష్ట్ర రాజ్యాంగం పట్టుకొని మల్ల కోర్టుకు పోయి, 1989ల టెక్సాస్ సుప్రీంకోర్టుల గెలిసిన్రు. 1993ల ఉన్నోళ్ల డిస్ట్రిక్టుల మిగులు పన్ను తీసి లేనోళ్ల డిస్ట్రిక్టులకు పంచే చట్టం వచ్చింది. జనం దాన్ని రాబిన్‌హుడ్ చట్టం అన్నరు. మనోళ్లు మస్తుగుండే ప్లేనోకెళ్లి గూడ గట్ల పైసలు పోయినయ్. "మా పన్ను మా బడికే ఉండాలె" అనే మాట ఆడ గట్టిగ వినవడేది ఇందుకే. మీ మేనమామ ఫోన్ల జెప్పేది ఆ దిక్కు మాట. ఎడ్జ్‌వుడ్ దిక్కు మాట ఆయనకు తెల్వకపోవచ్చు. తప్పు పడ్తలేను, ఆయన ఇల్లు ఆ దిక్కు లేదు మరి.

ఇంకో ముచ్చట. 2011ల ఒహాయో రాష్ట్రం ఏక్రన్ పట్నంల ఒక నల్లజాతి తల్లిని జైల్ల పెట్టిన్రు. ఆమె చేసిన నేరం ఏందంటె, తండ్రి ఇంటి అడ్రసు ఇచ్చి తన ఇద్దరు ఆడపిల్లలను పక్క డిస్ట్రిక్ట్ బడికి తోలుడు. తొమ్మిది దినాలు ఉన్నది లోపట. దేశమంత లొల్లి అయినంక ఆ రాష్ట్ర గవర్నర్ ఆమె మీది నేరాలను చిన్న నేరాలుగ తగ్గించిండు. మన దగ్గర పక్కూరి సర్కారు బడికి పిల్లను తోలితె సారు దగ్గరికి దీసుకుంటడు, సంఖ్య పెరిగిందని సంబురపడ్తడు. పన్ను హద్దు బడికి హద్దు అయితె, ఆ పిల్ల ఆ ఊరోళ్లకు దొంగ లెక్క కనవడ్తది.

అమెరికా అంత ఒకే తీరు అని గూడ అనుకోకున్రి. హవాయి రాష్ట్రం మొత్తం కలిపి ఒకటే స్కూల్ డిస్ట్రిక్ట్, బడి పైసలు రాష్ట్ర ఖజానకెళ్లి ఇస్తరు. మిషిగన్‌ల 1994ల జనం ఓట్లేసి, బడికి ఇంటి పన్ను మీద ఆధారపడుడు తగ్గించి, అమ్మకం పన్నును 4 శాతం కెళ్లి 6 శాతానికి పెంచుకున్నరు. అంటె ఆ పద్ధతిల పుట్టి పెరిగినోళ్లే దాన్ని ఇడిపించుకుంటుంటె, మనం పోయి తగిలించుకుందామా?

సరే, మన ఊరికొద్దాం. కాయితం పెన్ను తీసుకోన్రి. లెక్క కోసమని ఒక ఊరు అనుకుందాం. 500 ఇండ్లు. ఇంటికి సాలుకు సగటున 500 రూపాయల ఇంటి పన్ను. అందరు పైసతో సహా కట్టిన్రే అనుకుందాం (నవ్వకున్రి). మొత్తం రెండున్నర లక్షలు. సర్వీసున్న ఒక ఎస్జీటీ సారు జీతం నెలకు 60 వేలు ఏసుకుందాం. ఊరి పన్ను మొత్తం, ఒక్క లైటు బుగ్గ మార్చకుంట, ఒక్క మోరి తియ్యకుంట బడికే పెట్టినా, ఒక్క సారుకు నాలుగు నెలల జీతం. అయిదో నెల సారు ఎట్ల రావాలె?

మన ఊర్ల ఆస్తి అంటె ఇల్లు కాదు, పొలం. పొలం మీద పంచాయతీకి ఇంటి పన్ను అసొంటి పన్ను రాదు, రావాలె అని నేను గూడ అనను, రైతు బతుకు ఎట్లున్నదో మీకు తెలుసు. గందుకే ఇంటి పన్నుతోని బడి అనేది మన పల్లెల లెక్కకు నిలవని ముచ్చట. నిలిచేది యాడ? 2023 ఆగస్టుల కోకాపేట వేలంల ఎకరం వంద కోట్లు దాటింది. గా దిక్కు నిలుస్తది. ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి గూడేలల్ల, నల్లమల పెంటలల్ల నిలవదు. ఇంటి ఇలువను బట్టి బడి అంటె, రేకుల ఇంట్ల పుట్టిన పిల్లకు రేకుల బడే అని ముందుగాల్నే రాసిపెట్టినట్టు.

మన దగ్గర ఇంకో తీరుగ రాసుకున్నరు. పావెల్ జడ్జి అమెరికాల లేదన్నది మన రాజ్యాంగంల ఉన్నది. 2002ల 86వ సవరణతోని 21-ఎ అధికరణం వచ్చింది. 6 ఏండ్ల కెళ్లి 14 ఏండ్ల దాక చదువు ప్రాథమిక హక్కు. 2009ల విద్యాహక్కు చట్టం చేసి, 2010 ఏప్రిల్ 1 కెళ్లి అమలుల పెట్టిన్రు. ఆ చట్టం 7వ సెక్షన్ల సాఫ్‌గ ఉన్నది, దీనికి పైసలు తెచ్చే బాధ్యత కేంద్రానిది, రాష్ట్రానిది ఇద్దరిది అని. ఊరి మీద ఎయ్యలే. సార్ల జీతాలు రాష్ట్ర ఖజానకెళ్లి వస్తయ్. సమగ్ర శిక్ష అనే పథకం పైసలు కేంద్రం 60, రాష్ట్రం 40 లెక్కన ఏసుకుంటయ్. కాబట్టి కోకాపేట సారుకు, కెరమెరి సారుకు స్కేలు ఒకటే. ఇది చిన్న ముచ్చట కాదు. దీన్ని మనం రోజూ తిట్టుకునే సర్కారు పద్ధతి అనుకుంటం గని, ఎడ్జ్‌వుడ్ జనం దీని కోసం ఇరవై ఏండ్లు కోర్టుల చుట్టు తిరిగిన్రు.

మరి మన బడులు బాగున్నయా అంటె, మీరే సూస్తున్నరు. మన దగ్గర మోసం ఇంకో కాడ ఉన్నది. ఆడ ఇండ్ల ధరను బట్టి పైసలు, ఈడ తలల లెక్కను బట్టి పైసలు. సమగ్ర శిక్ష కింద బడికి సాలుకొక్కసారి ఇచ్చే గ్రాంటు సూడున్రి. 30 మంది లోపు పిల్లలుంటె 10 వేలు. 100 దాక 25 వేలు. 250 దాక 50 వేలు. వెయ్యి దాక 75 వేలు, ఆ పైన లక్ష. 28 మంది పిల్లలున్న బడికి 10 వేలంటె నెలకు 833 రూపాయలు. చాక్‌పీసులు, రిజిస్టర్లు, చీపుర్లు, ఫినాయిలు, పాడైన నల్లా, జెండా పండుగ, అన్ని గండ్లనే. బడి పెద్దదైనా చిన్నదైనా గేటు ఒకటే, బోరు మోటరు ఒకటే. కాలితె బాగుచేసే ఖర్చు ఒకటే. చిన్న బడికని మెకానిక్ తక్కువ తీసుకోడు.

దీనితోని ఏమైతదంటె, బడి పాడుగ కనవడ్తది, తల్లి పిల్లను పసుపు వ్యాన్ ఎక్కిస్తది. తల ఒకటి తగ్గుతది. గ్రాంటు మెట్టు కిందికి దిగుతది. సారు పోస్టు పోతది. ఇంకో నలుగురు వ్యాన్ ఎక్కుతరు. ఆఖరుకు పిల్లలు లేరని జెప్పి బడిని పక్కూర్ల కలుపుతం అంటరు. పిల్లలు ఎందుకు లేరో ఎవ్వలు అడగరు.

ఇందాకటి 500 ఇండ్ల ఊరినే తీసుకొని ఇంకో లెక్క చెయ్యున్రి. ఆ ఊర్ల 40 మంది పిల్లలు ప్రైవేటుకు పోతున్నరు. ఫీజు, వ్యాను, బుక్కులు, టై, బెల్టు అన్ని కలిపి పిల్లకు సాలుకు 20 వేలు అనుకుందాం, తక్కువనే అంటున్న. ఎనిమిది లక్షలు. ఊరి ఇంటి పన్నుకు మూడింతల మీద. అది గూడ బడి పన్నే. కట్టేది మిర్చి ఏరిన పైసలతోని, మిత్తికి తెచ్చిన పైసలతోని. కాకుంటె దానికి గ్రామసభ లేదు, లెక్క అడిగే హక్కు లేదు, కాయితం మీద ఆ పైసలు యాడ కనవడవు. "ఊరోళ్లు బడికి ఏమియ్యరు" అనేటోళ్లకు ఈ ఎనిమిది లక్షలు సూపియ్యున్రి.

సర్కార్లు ఏమీ చెయ్యలే అంటె అబద్ధమైతది. 2022 మార్చిల వనపర్తిల మన ఊరు మన బడి మొదలువెట్టిన్రు, 26 వేల పైన బడులకు 7,289 కోట్లు అన్నరు. సున్నాలు, టైల్స్ పడ్డ బడులు పడ్డయ్, సగంల ఆగిన గోడలు ఆగినయ్, బిల్లుల కోసం తిరిగినోళ్లు తిరుగుతనే ఉన్నరు. 2024ల అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చినయ్, బడికి కరెంటు బిల్లు మాఫీ అన్నరు, ఊడ్సుటానికి నెలకింత అని పిల్లల సంఖ్యను బట్టి ఇస్తున్నరు. అల్ల గూడ మల్ల సంఖ్యనే! రంగు మారుతది, పేరు మారుతది, తలల లెక్క మారదు.

చదువు పేరు మీద మన కాడ పన్ను తీసుకుంటలేరా అంటె తీసుకుంటున్నరు. 2004ల కేంద్రం తన పన్నుల మీద 2 శాతం విద్యా సెస్సు పెట్టింది, 2007ల ఇంకో శాతం కలిపింది. 2015 దాక మీ నాయిన ఫోన్ల ఏయించిన రీచార్జిల గూడ సర్వీస్ ట్యాక్స్ మీద ఈ సెస్సు కోసుకున్నరు. 2018 కెళ్లి ఆదాయ పన్ను మీద 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సు నడుస్తున్నది. దీంట్ల కిటుకు ఏందంటె, మామూలు కేంద్ర పన్నుల రాష్ట్రాలకు వాటా ఉంటది, సెస్సుల ఉండదు. ఢిల్లీల పడ్డది ఢిల్లీ ఇష్టం. 1966ల కొఠారి కమిషన్ దేశ ఆదాయంల 6 శాతం చదువుకు పెట్టాలె అన్నది. 2020 జాతీయ విద్యా విధానంల గూడ మల్ల అదే 6 శాతం రాసిన్రు. యాభై నాలుగేండ్లకు అదే అంకె రాసుకున్నరంటె ఇంతదాక ఇయ్యలేదనే గద అర్థం.

అయితె అమెరికా పద్ధతిల ఒక్కటి నాకు నచ్చుతది, దాచిపెట్టను. పన్ను కట్టినోడు బోర్డు మీటింగుకు పోయి "నా పైసలేం చేసిన్రు" అని అడుగుతడు. మన కాడ బడి పైసలు పైకెళ్లి వస్తయ్ కాబట్టి ఊరోడు అది నాది కాదు అనుకుంటడు. 1992ల 73వ సవరణ చేసినప్పుడు పంచాయతీలకు ఇయ్యదగ్గ 29 అంశాలు రాసిన్రు, 17వది ప్రాథమిక, మాధ్యమిక బడులు, 20వది గ్రంథాలయాలు. బడి మీద పెత్తనం ఇంతవరకు నిజంగ ఊరికి దిగలే. నేననేది, పైసలు పైకెళ్లే రావాలె, లెక్క మాత్రం ఊర్ల జెప్పాలె. రెండు కలవాలె.

ఊరి పన్నుతోని చదువు నడుస్తదా అని పరీక్ష చెయ్యబుద్ధైతె, మన కాడ ఆ పరీక్ష ఇదివరకే నడుస్తున్నది. మొదట్ల జెప్పిన సన్న వరుస అదే. 1960ల వచ్చిన గ్రంథాలయాల చట్టం తెలంగాణల గూడ అమలుల ఉన్నది. ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. పంచాయతీ, మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టాలె. మన 500 ఇండ్ల ఊరికి సాలుకు 20 వేలు. గసొంటి ఊర్లు 20 ఉన్న మండలానికి 4 లక్షలు. మండల గ్రంథాలయంల కానిస్టేబుల్ పరీక్షకు, గ్రూప్స్‌కు, డీఎస్సీకి కొత్త బుక్కులు, నాలుగు ఫ్యాన్లు, పేపర్లు తెచ్చుడుకు అది చిన్న పైస కాదు.

నేను ఇంటర్ కాడ ఆగినోన్ని. నేను నేర్సుకున్నది ఎక్కువ మా మండల గ్రంథాలయం బల్ల మీదనే. పేపర్ సదవడానికి పోయి, లోపల బీరువ తాళం తీపిచ్చుకొని బుక్కులు సదివిన. ఇప్పుడు ఆ గదిల పేపర్లు వస్తయ్, బుక్కులు ముసలివైనయ్. కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే ఆడపిల్లలు హైదరాబాద్‌ల హాస్టల్ కిరాయి కట్టలేక ఆడనే కూసుంటరు, బుక్కులు జిరాక్స్ తీసుకొని. సెస్సు ఏమైతున్నదని నేను సమాచార హక్కు కింద ఒక పంచాయతీని అడిగిన. నెల దాటినంక ఒక కాయితం వచ్చింది. వసూలైన కాలంల అంకె ఉన్నది. జిల్లా సంస్థకు కట్టిన కాలంల అడ్డగీత ఉన్నది. కార్యదర్శిని అడిగితె, "అన్నా, ట్రాక్టర్ డీజిల్‌కే పైసలు లేవు, 2024ల సర్పంచుల కాలం అయిపోయినంక ఎన్నికలు లేవని ఢిల్లీ గ్రాంటు గూడ ఆగింది, నేనేం చెయ్యాలె" అన్నడు. అబద్ధం చెప్పినట్టు నాకనిపియ్యలే. ఇంటి పన్ను మీద చదువును కడితె గిదే అయితది. మోరి, లైటు, ట్రాక్టర్ డీజిల్ ముందు వరుసల నిలవడ్తయ్, బుక్కు ఆఖరుకు నిలవడ్తది.

మీరు గూడ అడగొచ్చు. పంచాయతీ కార్యదర్శికి సమాచార హక్కు దరఖాస్తు తెల్ల కాయితం మీద రాస్తె సాలు, ఊరి స్థాయిల ఫీజు లేదు. మండలానికి 5 రూపాయలు, జిల్లాకు 10. మూడే ప్రశ్నలు రాయున్రి. గడిచిన మూడేండ్లల్ల ఏడాది వారీగ గ్రంథాలయ సెస్సు ఎంత వసూలు చేసిన్రు? ఎంత, ఏ తారీఖున, జిల్లా గ్రంథాలయ సంస్థకు కట్టిన్రు? కట్టకుంటె ఆ పైసలు ఏ ఖాతల ఉన్నయ్? ముప్పై దినాలల్ల జవాబు ఇయ్యాలె. ఇట్లనే బడి గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి పెట్టిన్రు అని హెడ్‌మాస్టర్ సారును అడగున్రి, మెల్లగ, మర్యాదగ. ఆ 833 రూపాయలతోని నెల ఎల్లదీసేది ఆయనే. గ్రామసభ రెండు నెలలకొక్కసారి పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టంల ఉన్నది. వచ్చిన జవాబు కాయితం గా సభల పైకి సదవున్రి, నకలు ఒకటి మండల గ్రంథాలయం నోటీసు బోర్డుకు అతికియ్యున్రి.